వదిలేసిన కుందేలు దొరికితే మొదటి రెండు రోజులు ఏం చేయాలి

పార్కులోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో తెల్లటి కుందేలు ఒంటరిగా కనబడిందంటే, అది ఎవరో పెంచి వదిలేసినదే. మన పొలాల్లో, గుట్టల్లో తిరిగే అడవి కుందేలు గోధుమ రంగులో ఉంటుంది, మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. దాన్నీ, దాని పిల్లల్నీ ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జంతువది. తెల్లవి, మచ్చలవి, ఎర్ర కళ్లవి, చెవులు వేలాడేవి మాత్రం యూరప్ కుందేలు సంతతి, పంజరంలో పుట్టి పెరిగినవి. బయట గడ్డి తిని బతికేస్తుందిలే అనుకుని వదిలేస్తారు. కుక్కలు, పిల్లులు, కాకులు, ఎండ దాన్ని ఎన్నాళ్లో ఉండనివ్వవు. తిండీ నీళ్లూ లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా.

నేను సికింద్రాబాద్ వైపు ఉంటాను. వేసవి సెలవుల్లో పిల్లలు మారాం చేస్తే ముర్గీచౌక్‌లో కొనిచ్చిన కుందేళ్లు, బడులు తెరిచేసరికి మా కాలనీలో రోడ్డున పడతాయి. వాటిని తెచ్చి కోలుకునేదాకా చూస్తాను. చూసి చూసి గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది: ఆకలికీ మురికికీ తట్టుకుని బతికిన కుందేలు, ఇంటికి తెచ్చాక మనం ప్రేమకొద్దీ చేసే హడావిడికి పోతుంది. స్నానం చేయించడం, పాలు పట్టడం, గిన్నెడు క్యారెట్లు పెట్టడం, చుట్టూ పిల్లలు మూగడం. మొదటి రెండు రోజులు చేయాల్సినవి తక్కువే. కానీ అవి వరసగా చేయాలి.

పట్టుకునేటప్పుడు తరమకండి. భయానికే గుండె ఆగిపోయే జంతువది. తెల్లవారుజామునో, పొద్దుగూకేముందో, అది మేతకు బయటికొచ్చే వేళ వెళ్లండి. ఒక అట్టపెట్టెను పక్కకి పడుకోబెట్టి లోపల ఎరగా రెండు రెమ్మల కొత్తిమీర వేసి, ఇద్దరు ముగ్గురు నెమ్మదిగా గోడవైపు నడిపించండి. దగ్గరికొచ్చాక తువ్వాలు కప్పి ఎత్తుకోండి. ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిరుదుల కింద ఉండాలి. చెవులు పట్టుకుని ఎత్తకూడదు. వెనక కాళ్లు గాల్లో వేలాడితే అది బలంగా తన్నుకుంటుంది, ఆ ఊపుకి దాని వెన్నెముకే విరగొచ్చు.

ఇంట్లో చప్పుడు లేని మూల చూడండి. కింద పాత నూలు దుప్పటి, దాక్కోవడానికి ద్వారం కోసిన అట్టపెట్టె, బరువైన వెడల్పు గిన్నెలో నీళ్లు, పక్కన గడ్డి. అంతే. ఆ పూటకి ఎత్తుకుని ముద్దు చేయడం మానేయండి. ఇంట్లో ముందే కుందేలు ఉంటే కొత్తదాన్ని వేరే గదిలో కనీసం రెండు వారాలు ఉంచాలి.

మేత దగ్గరే ఎక్కువ ప్రాణాలు పోతాయి. కుందేలు కడుపు పీచు మీద నడుస్తుంది. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి అరిగిస్తాయి. రొట్టె, బిస్కెట్లు, అన్నం తిని బతికినదానికి ఒక్కసారిగా ఆకుకూరల కట్ట వేస్తే ఆ సూక్ష్మజీవులు తట్టుకోలేవు. పొట్ట ఉబ్బుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి లోపల ఇరుక్కున్నది బయటికి రాదు. అందుకే మొదట గడ్డి, నీళ్లు మాత్రమే పెట్టండి. ఆన్‌లైన్‌లో తిమోతీ గడ్డి దొరుకుతుంది, ఖరీదెక్కువ. నేనైతే మందు కొట్టని చోట గరిక కోయించి, నీడలో ఆరబెట్టి వాడతాను. బూజు వాసన వస్తే పారేయాలి. మూడో రోజు నుంచి నాలుగు రెమ్మల కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు ఒక్కోటిగా అలవాటు చేయండి. క్యారెట్ తీపి పదార్థం, ఎప్పుడో ఒక ముక్క చాలు. ఉల్లి, వెల్లుల్లి, పాలు అసలు వద్దు.

తింటోందో లేదో పెంటికలు చెబుతాయి. గుండ్రంగా, పొడిగా, శనగగింజంత ఉంటే పేగులు కదులుతున్నట్టే. చిన్నవై, వంకరగా, తక్కువగా వస్తుంటే జాగ్రత్త పడాలి. ద్రాక్షగుత్తిలా అంటుకున్న మెత్తటి పెంటికల్ని అది తానే తింటుంది, అందులో పోషకాలుంటాయి, ఆపకండి. పది పన్నెండు గంటలు ఏమీ తినక, పెంటికలూ వేయక, పళ్లు కొరుకుతూ ముడుచుకు కూర్చుంటే తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రయినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మూత్రం ఎర్రగా కనబడిందని మాత్రం కంగారు పడకండి, చాలాసార్లు అది తిన్న ఆకుల రంగే.

కాస్త కుదురుకున్నాక ఒళ్లు చూడండి. మొన్న వర్షాలకు మా వాచ్‌మన్ అన్న "అమ్మా, మెట్ల కింద ఏదో ఉంది, పోయేట్టుంది" అని పిలిస్తే వెళ్లి తెచ్చిన కుందేలు సంగతి చెప్తాను, దానికి జున్ను అని పేరు పెట్టాను. ముక్కు చుట్టూ, చెవి అంచుల్లో, కాలివేళ్ల మధ్య తెల్లటి పొరలు గట్టిగా పేరుకుపోయి ఉన్నాయి. గజ్జి. ఆ పెచ్చుల్ని పీకకూడదు, కింద పచ్చి పుండుంటుంది. డాక్టర్ ఇచ్చిన ఐవర్‌మెక్టిన్‌తో మెల్లగా పెచ్చులు వాటంతటవే రాలిపోయాయి. తోక కింద మూత్రంతో తడిసి చర్మం ఒరిసిపోయింది. అక్కడ మాత్రం గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో అద్ది, వెంటనే ఆరబెట్టాను. కుందేలుకి పూర్తి స్నానం చేయించకూడదు. భయం, చలి రెండూ ప్రమాదమే. అట్టలు కట్టిన బొచ్చుని కత్తెరతో కోయబోకండి, పల్చటి చర్మం తెగుతుంది. తోక కింద ఈగలు గుడ్లు పెట్టి పురుగులు కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పళ్లు కూడా చూడాలి. జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితే అరుగుతాయి, లేకపోతే వంకరగా పెరిగి నోరు మూయనివ్వవు. పంజరం తీగల మీద బతికినవాటికి అరికాళ్లు బొచ్చు ఊడి పుండ్లు పడతాయి. కింద గోనెసంచీ మడతపెట్టి వేస్తే కాళ్లకు ఊరట.

డాక్టర్‌కి ముందే ఫోన్ చేసి "కుందేళ్లు చూస్తారా?" అని అడగండి. చాలామంది కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూస్తారు. రెండు మందుల పేర్లు కాగితం మీద రాసుకెళ్లండి. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ కుందేలుకి విషం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ పేగుల్ని పాడు చేసి చంపగలదు. ఒక దుకాణంలో నాకు ఆ ఫిప్రోనిల్ చుక్కలే చేతిలో పెట్టారు, "అన్నిటికీ ఇదే వేస్తారు మేడమ్" అంటూ. తిరిగిచ్చేశాను. ఆపరేషన్ ముందు ఉపవాసం ఉంచమంటే, కుందేలు విషయంలో అది పనికిరాదని గుర్తుచేయండి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. ముప్ఫై డిగ్రీలు దాటితే దానికి కష్టం, హైదరాబాద్ మేలో నలభై దాటుతుంది. కూలర్ ఉన్న గదిలో ఉంచి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. రొప్పుతూ చెవులు వేడెక్కితే చెవులను చల్లటి నీళ్లతో తడుపుతూ డాక్టర్ దగ్గరికి బయలుదేరండి. నీళ్లలో ముంచొద్దు.

ఆడదైతే కడుపుతో ఉండొచ్చు. కుందేలు చూలు నెల రోజులే. పొట్ట మీది బొచ్చు పీకి గూడు కడుతుంటే ఒంటరిగా వదిలేయండి. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు, కాబట్టి మగదాన్ని దరిదాపుల్లోకి రానివ్వద్దు. బలం పుంజుకున్నాక కుందేళ్లు తెలిసిన డాక్టర్ దగ్గర పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయిస్తే గర్భసంచి క్యాన్సర్ భయం కూడా పోతుంది.

ఎవరికైనా పెంపకానికిచ్చేముందు వాళ్లింటికి వెళ్లి చూడండి. కరెంటు వైర్లు నేల మీద ఉన్నాయా, పంజరంలోనే పెడతారా, ఎనిమిది పదేళ్లు చూసుకోగలరా అని అడగండి. సరేనంటే, అది ఇప్పుడు తింటున్న గడ్డి ఓ సంచెడు కూడా ఇచ్చి పంపండి. కొత్త ఇంట్లో మేత ఒక్కసారిగా మారకూడదు.