వాగు ఒడ్డున చెట్లు పెంచితే ఏటా కౌలు: వాషింగ్టన్ రాష్ట్రంలో క్రెప్ దరఖాస్తు విధానం

ముందుగా ఒక జాగ్రత్త. పొలం పక్కన వాగు ఉంది కదా అని ఈ పథకం గురించి వినగానే ఉత్సాహంగా నర్సరీకి వెళ్లి వంద మొక్కలు తెచ్చి నాటేయకండి. ఒప్పందం మంజూరు కాకముందు మొదలుపెట్టిన పనికి ఒక్క డాలరు కూడా రాదు. ఇలా తొందరపడి నష్టపోయినవాళ్లను చూశాను. అందుకే ఏ పని తర్వాత ఏ పనో ముందే తెలుసుకోవడం మంచిది.

సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేస్తూ డువాల్, కార్నేషన్, స్నోహోమిష్ వైపు నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లు ఉన్నారు. ఆ భూముల్లో చాలావాటి అంచున ఏదో ఒక వాగు పారుతుంటుంది. అది సాల్మన్ చేపలు తిరిగే వాగైతే, దాని ఒడ్డున స్థానిక చెట్లు పెంచి కాపాడినందుకు ప్రభుత్వం 10 నుంచి 15 ఏళ్ల పాటు ఏటా కౌలు ఇస్తుంది. ఈ పథకం పేరు కన్జర్వేషన్ రిజర్వ్ ఎన్‌హాన్స్‌మెంట్ ప్రోగ్రామ్, పొట్టిగా క్రెప్ అంటారు. కేంద్ర వ్యవసాయ శాఖకు చెందిన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, వాషింగ్టన్ రాష్ట్ర కన్జర్వేషన్ కమిషన్ కలిసి 1998 నుంచి నడుపుతున్నాయి. భూమి మీ పేరు మీదే ఉంటుంది. బయటివాళ్లెవరికీ అందులోకి వచ్చే హక్కు రాదు. చేరడం పూర్తిగా మీ ఇష్టం.

వాగు ఒడ్డున చెట్లకు ఇంత ఖర్చు ఎందుకని అడిగేవాళ్లకు పులసను గుర్తు చేస్తుంటాను. వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుందే, అలాగే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి, తను పుట్టిన వాగును వెతుక్కుంటూ వస్తుంది. దానికి చల్లటి నీరు కావాలి. ముఖ్యమైన సాల్మన్ వాగుల్లో వేసవి నీటి వేడి 16 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని రాష్ట్ర ప్రమాణం. 2015 వేసవిలో కొలంబియా నది వేడెక్కి రెండున్నర లక్షల దాకా సాకై సాల్మన్ చచ్చిపోయాయి. కొండల మీద మంచు తగ్గేకొద్దీ ఆగస్టులో వాగులు చిక్కిపోయి ఇంకా త్వరగా వేడెక్కుతాయి. పైన చెట్ల నీడ ఉంటే ఆ వేడి తగ్గుతుంది, వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి. పాత చెట్టు వాగులో పడినా మేలే, దాని కింద చేపపిల్లలు దాక్కునే మడుగు ఏర్పడుతుంది.

ప్యూజెట్ సౌండ్ చినూక్ సాల్మన్ 1999 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఈ చేపల మీద ఇక్కడి గిరిజన జాతులకు 1850ల నాటి ఒప్పందాల హక్కు ఉంది. పట్టదగిన చేపలో సగం వాళ్లదేనని 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు ఇచ్చారు. చేపే లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఒడ్డున చెట్ల పట్టీని తప్పనిసరి చేయాలని 2022లో శాసనసభకు ఒక బిల్లు వచ్చింది కానీ నెగ్గలేదు. కాబట్టి ఇలాంటి పొలాల్లో పని ముందుకు సాగేది చాలావరకు యజమానులు తమంతట తాము ముందుకు వస్తేనే.

ఎక్కడ మొదలుపెట్టాలి

నేరుగా కేంద్ర ఆఫీసుకు వెళ్లకండి. ముందు మీ ప్రాంతపు కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థకు ఫోన్ చేయండి. రాష్ట్రంలో ఇలాంటివి 45 ఉన్నాయి. మన పొలంలో తప్పులు పట్టుకుంటారేమోనని చాలామందికి టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. వీళ్ల పని సలహా ఇవ్వడం, సాయం చేయడం. జరిమానాలు వేసే అధికారం వీళ్లకు లేదు. వచ్చి చూసినందుకు ఫీజు కూడా ఉండదు.

తర్వాత వాళ్ల ప్లానర్ మీ స్థలం చూడటానికి వస్తారు. ఆ రోజు తప్పకుండా పక్కనే ఉండండి. ఇలాంటి నడక ఒకదానిలో నేనూ ఉన్నాను. గుర్రాలు నీళ్లకు దిగే చోట గట్టు కూలి, గిట్టల గుంటల్లో బురద నిలిచి ఉంది. ప్లానర్ వంగి వాగు అడుగు నుంచి గుప్పెడు గులకరాళ్లు తీసి నీళ్లలో వదిలారు. పాల తేటలా తెల్లగా మడ్డి లేచింది. సాల్మన్ గుడ్లు పెట్టేది ఆ గులకలోనే. సందుల్లో మడ్డి పేరుకుంటే గుడ్లకు ఊపిరి ఆడదు. పది గజాల పైన, ఆల్డర్ చెట్ల వేళ్లు గట్టును పట్టుకున్న చోట, అదే గులక కడిగినట్టు శుభ్రంగా ఉంది. ఎన్ని కరపత్రాలు చదివినా అంత బాగా అర్థం కాదు.

పట్టీ వెడల్పు ఎంతో తేలేది కూడా ఆ రోజే. కనీసం 35 అడుగులు ఉండాలి, సగటున 180 అడుగుల దాకా వెళ్లొచ్చు. వెడల్పు పెరిగితే కౌలు వచ్చే విస్తీర్ణమూ పెరుగుతుంది. 35 అడుగులతో సరిపెట్టుకోవద్దని నా సలహా. పెద్ద చెట్టు ఎదిగి నీడ వాగు దాకా చేరాలంటే ఆ కాస్త చోటు చాలదు.

ఏజెన్సీ ఆఫీసులో కాగితాలు

స్థలం పనికొస్తుందని తేలాక ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీలో నమోదు చేసుకోవాలి. మీ భూమికి ఫార్మ్ నంబర్ లేకపోతే ఇస్తారు. డీడ్, గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబర్, బ్యాంకు వివరాలు తీసుకెళ్లండి. భూమి ఎల్ఎల్‌సీ పేరునో ట్రస్టు పేరునో ఉంటే ఆ పత్రాలూ కావాలి. డీడ్‌లో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఇద్దరూ సంతకాలు చేయాలి.

ఇక్కడ మనవాళ్లు మూడు విషయాలు చూసుకోవాలి. భూమి చేతికొచ్చి సాధారణంగా 12 నెలలు నిండాలి. గత ఏళ్ల సగటు సవరించిన స్థూల ఆదాయం 9 లక్షల డాలర్లు దాటకూడదు. మూడోది వీసా. పౌరసత్వం, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు విదేశీయుల నిబంధన వర్తిస్తుంది. భూమి, పెట్టుబడితో పాటు సొంత శ్రమ కూడా గట్టిగా పెడుతున్నట్టు చూపించాలి. ఈ సంగతి మొదటి రోజే అడిగి తేల్చుకోండి, ఆర్నెల్ల తర్వాత తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

క్రెప్‌లో నమోదు నిరంతర పద్ధతిలో జరుగుతుంది. కాంగ్రెస్ ఇచ్చిన అనుమతి గడువు తీరినప్పుడు మాత్రం ఆగుతుంది. అందుకని ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఫోన్‌లోనే కనుక్కోండి.

ఆ తర్వాత ప్లానర్ నాటే ప్రణాళిక రాస్తారు. మట్టి తవ్వే పని కాబట్టి అక్కడ గిరిజనుల పురాతన ఆనవాళ్లు ఉన్నాయేమో పరిశీలిస్తారు, సంబంధిత జాతులను సంప్రదిస్తారు. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. విసుక్కోకండి. మనకంటే వేల ఏళ్ల ముందు నుంచి ఆ ఒడ్డున బతికినవాళ్ల సమాధులో, వంటపొయ్యిలో అక్కడ ఉండొచ్చు. అన్నీ కుదిరాక కౌలు ఒప్పందం మీద మీరూ ఏజెన్సీ వాళ్లూ సంతకాలు చేస్తారు. మొక్క నాటడం ఇక ఆ తర్వాతే.

నాటడం, పెంచడం, డబ్బు

నవంబర్ నుంచి మార్చి దాకా, మొక్కలు నిద్రాణంగా ఉండే వానకాలంలో నాటుతారు. రెడ్ సీడర్, డగ్లస్ ఫర్, రెడ్ ఆల్డర్, నీటి అంచున విల్లో. విల్లోకు వేళ్లున్న మొక్క కూడా అక్కర్లేదు, మునక్కొమ్మ నాటినట్టు కర్ర గుచ్చితే చిగురిస్తుంది. పశువులు ఉంటే కంచె వేయడం, అవి తాగడానికి వేరే చోట తొట్టి ఏర్పాటు చేయడం కూడా ఖర్చులోకి వస్తాయి. నాటిన ఖర్చు కేంద్రం, రాష్ట్రం కలిసి భరిస్తాయి. మొదటి ఐదేళ్ల దాకా సంరక్షణకు కూడా సాయం అందుతుంది. ఆ ఐదేళ్లే గడ్డుకాలం. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ ముళ్ల పొద, రీడ్ కెనరీ గడ్డి లేత మొక్కల్ని మింగేస్తాయి. చుంచులు కాండం చుట్టూ బెరడు కొరికేస్తాయి. మొక్కలకు తొడిగే ప్లాస్టిక్ గొట్టాలు అందుకే.

ఏటా కౌలు అక్టోబర్ 1 తర్వాత బ్యాంకులో పడుతుంది. ఆ పట్టీలో పంట వేయకూడదు, పశువులను మేపకూడదు. మధ్యలో తప్పుకుంటే అందుకున్న సొమ్ము వడ్డీతో తిరిగి కట్టాలి. ఇల్లు అమ్మాల్సి వస్తే, కొన్నవాళ్లు అర్హులై ఒప్పందాన్ని తమ పేరుకు మార్పించుకుంటే మీకు ఆ భారం ఉండదు. ఈ సంగతి అమ్మకపు కాగితాల్లో ముందే రాయించుకోండి.

క్రెప్ కుదరకపోతే రాష్ట్ర కన్జర్వేషన్ కమిషన్‌కు 2023లో మొదలైన ఒడ్డు సంరక్షణ గ్రాంటు ఉంది. దానికి మీ తరఫున కన్జర్వేషన్ డిస్ట్రిక్టే కమిషన్‌ను నిధులు అడుగుతుంది. రాష్ట్ర బడ్జెట్ బేసి సంవత్సరం జులై 1న మొదలై రెండేళ్లు నడుస్తుంది. చివర్లో వెళ్తే డబ్బు అయిపోయి ఉండొచ్చు, మొదట్లోనే అడగడం మేలు.

ఫోన్ చేసే ముందు ఆస్తి పన్ను బిల్లు మీద ఉండే పార్సెల్ నంబర్, వాగు పేరు, ఒడ్డు పొడవు ఎన్ని అడుగులో ఒక అంచనా, పశువులు ఉన్నాయా లేదా, ఇవి రాసి పెట్టుకోండి. వసంతంలో ఫోన్ చేసినా కాగితాలన్నీ పూర్తయ్యేసరికి ఆ చలికాలం దాటిపోయి, తర్వాతి చలికాలంలో నాటాల్సి రావచ్చు.