మాల్దీవులకు మొదటిసారి వెళ్తున్నారా? వీసా పేరుతో డబ్బు కట్టకండి, డిక్లరేషన్ మీరే నింపుకోండి

మాల్దీవులకు విహారయాత్రకు వెళ్లే భారతీయులు ముందుగా వీసాకు దరఖాస్తు చేయాల్సిన పని లేదు. మాలే విమానాశ్రయంలో దిగాక ఇమిగ్రేషన్ వాళ్లు అనుమతి ఇస్తారు, అదీ ఉచితంగా. అయినా హైదరాబాద్‌లో ‘మాల్దీవ్స్ వీసా ప్రాసెసింగ్’ అని తలకింత చొప్పున వసూలు చేసేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు ఆ డబ్బుకు వాళ్లు చేసేదల్లా ‘ఇముగా’ అనే మాల్దీవుల ప్రభుత్వ సైటులో ట్రావెలర్ డిక్లరేషన్, అంటే ప్రయాణికుల వివరాల ఫారం, నింపిపెట్టడం. ఆ ఫారానికి ఒక్క రూపాయి ఫీజు కూడా లేదు.

పాస్‌పోర్టు లేనివాళ్లు ముందు దాని సంగతి చూడండి. పాస్‌పోర్ట్ సేవా ప్రభుత్వ సైటులోనే దరఖాస్తు చేయాలి. పెద్దవాళ్లకు 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్‌కు మరో 2,000. పోలీస్ వెరిఫికేషన్‌కు విడిగా ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇంకా ఆరు నెలలైనా గడువు మిగిలేలా చూసుకోండి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) అని ఉందని భయపెట్టి, అది తీయించాలంటూ డబ్బు అడిగితే నమ్మకండి. ఆ నిబంధన కొన్ని దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకు. ఆ దేశాల జాబితాలో మాల్దీవులు లేదు, మీరు వెళ్లేది ఉద్యోగానికీ కాదు.

ఇక అసలు చిక్కంతా డిక్లరేషన్ దగ్గరే.

విమానం బయల్దేరే సమయానికి ముందు 96 గంటల్లోపు మాత్రమే దీన్ని నింపాలి. ఆదివారం ఉదయం 10 గంటల విమానమైతే బుధవారం ఉదయం 10 నుంచి అన్నమాట. నెల ముందే చేసిపెట్టామని ఎవరైనా చెబితే వాళ్లు చేసింది ఇది కాదు. నేరుగా కాకుండా బెంగళూరు మీదుగానో కొచ్చి మీదుగానో వెళ్తుంటే, మాలేలో దిగే విమానం నంబరు రాయాలి. శంషాబాద్‌లో ఎక్కే మొదటి విమానం నంబరు రాసి ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

సైటు చిరునామా ఇముగా డాట్ ఇమిగ్రేషన్ డాట్ గవ్ డాట్ ఎంవీ. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలుగా వచ్చేవాటిలో అచ్చం ఇలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఉంటాయి. నింపడం అయ్యాక కార్డు నంబరు అడిగిందంటే అది ప్రభుత్వ సైటు కాదు, వెంటనే బయటికి వచ్చేయండి.

పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. ఇక్కడ ఆధార్‌తో పనిలేదు. టికెట్, పాస్‌పోర్టు, డిక్లరేషన్ మూడింటిలో పేరు ఒకటే కావాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే విమాన సంస్థను అడిగి పేరు ఎలా వేయాలో తేల్చుకోండి. పాస్‌పోర్టు నంబరులో మొదట అక్షరం, ఆ తర్వాత అంకెలు ఉంటాయి. అక్షరం తర్వాత వచ్చేది సున్నాయే తప్ప ‘ఓ’ కాదు. చివరి పేజీలో ఉండే ఫైల్ నంబరును పొరపాటున ఎక్కించకండి.

పిల్లలకు, చంకలో పాపకు కూడా వేర్వేరుగా నింపాలి. ఈమెయిల్ గడిలో మీ సొంత చిరునామా ఇవ్వండి. ఫారం నింపాక ఇచ్చే క్యూఆర్ కోడ్ దానికే వస్తుంది. ఏజెంటు తన మెయిల్ ఇచ్చి, ప్రయాణం రోజు ఫోన్ ఎత్తకపోతే మీ చేతిలో ఏమీ ఉండదు. కోడ్ రాగానే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఒక ప్రింటు కూడా తీసి పెట్టుకోండి.

బస వివరాలు రాసే చోట ఇంకొంచెం జాగ్రత్త పడాలి. కన్ఫర్మ్ అయిన హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, ఖర్చులకు సరిపడా డబ్బు ఉన్నాయని చూపించమని మాలేలో అడగవచ్చు. ‘డమ్మీ బుకింగ్ ఇస్తాం, తర్వాత క్యాన్సిల్ చేసుకోవచ్చు’ అనే మాట వినకండి. అది తేలిపోతే వెనక్కి పంపేది మిమ్మల్నే, ఏజెంటుని కాదు. మొదటి రాత్రి నుంచి చివరి రాత్రి దాకా బుకింగ్ ఉండాలి. ఇక్కడే మరో మెలిక ఉంది. సీప్లేన్లు, అంటే నీటి మీద దిగే చిన్న విమానాలు, పగటిపూటే తిరుగుతాయి. మీరు సాయంత్రం దిగి, రిసార్టుకు సీప్లేన్‌లోనే వెళ్లాల్సి ఉంటే, ఆ రాత్రికి విమానాశ్రయం పక్కనే ఉన్న హుల్హుమాలే దీవిలో గది తీసుకోవాలి. ఆ బుకింగ్ కాగితం కూడా దగ్గర పెట్టుకోండి.

గ్రీన్ ట్యాక్స్ (పర్యాటకుల మీద అక్కడి ప్రభుత్వం వేసే పన్ను) అని ఏజెంటు ముందే వసూలు చేస్తే ప్యాకేజీ బిల్లులో ఉందో లేదో చూడండి. 2025 జనవరి 1 నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, స్థానికులుండే దీవుల్లో 50 గదుల్లోపు గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు. రెండేళ్లలోపు పిల్లలకు లేదు. దీన్ని తీసుకునేది హోటలే.

సామాను సర్దేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. పూజకు పెట్టుకునే విగ్రహాలు, మద్యం, పంది మాంసంతో చేసినవి, ఈ-సిగరెట్లు ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. పర్సులో దాచుకున్న చిన్న వేంకటేశ్వరస్వామి ప్రతిమ అయినా సరే, ఇంట్లోనే ఉంచి వెళ్లడం మంచిది. నిద్రమాత్రలు, గట్టి నొప్పిమాత్రలు వాడేవాళ్లు వాటికి అనుమతి కావాలేమో ముందే కనుక్కొని, డాక్టర్ చీటీ వెంట ఉంచుకోవాలి.

శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అడిగినప్పుడే డిక్లరేషన్ గుర్తొచ్చినా కంగారు పడకండి. పక్కకు జరిగి ఫోన్‌లోనే నింపవచ్చు. పాస్‌పోర్టు, బుకింగ్, ముఖం ఫోటో దగ్గరుంటే ఎక్కువసేపు పట్టదు. మాలే నుంచి తిరిగి వచ్చేటప్పుడూ ఇదే ఫారం, అదే 96 గంటల లెక్క. ఈసారి తిరుగు విమానం నంబరుతో మళ్లీ నింపాలి. అది కూడా ఉచితమే.