మెషిన్ లెర్నింగ్‌తో బయోఇన్ఫర్మాటిక్స్ – 5వ పాఠం: దాయాదులను కలిపి ఉంచి డేటాను విడదీయడం

గత పాఠంలో ఒక్కో ప్రోటీన్‌ను 400 అంకెలుగా మార్చుకున్నాం. 20 అమైనో ఆమ్లాల్లో ఏ రెండు పక్కపక్కన ఎన్నిసార్లు పడ్డాయో లెక్కపెడితే 20 × 20, మొత్తం 400. ఆ అంకెలు తీసుకుని "ఇది ఎంజైమా, కాదా" చెప్పే లాజిస్టిక్ రిగ్రెషన్ మోడల్ కూడా మీ దగ్గర తయారుగా ఉంది. డేటాను లాటరీ తీసినట్టు కలిపేసి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు పెట్టమన్నాను. ఫలితం బాగానే వచ్చి ఉంటుంది. దాన్ని అప్పుడే నమ్మకండి.

లాటరీ పద్ధతికి ఒక షరతు ఉంది: నమూనాల మధ్య చుట్టరికం ఉండకూడదు. ప్రోటీన్లకు ఉన్నదే చుట్టరికం. ఒకే మూలం నుంచి పరిణామక్రమంలో చీలి వచ్చిన దాయాదులు అవి. మనిషి హీమోగ్లోబిన్ ఆల్ఫా గొలుసునూ చింపాంజీ గొలుసునూ పక్కపక్కన పెడితే ఒక్క అక్షరం తేడా ఉండదు (ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో అక్షరం గుర్తు). గొరిల్లా బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలకు మారింది ఒక్కటే. ప్రోటీన్ల డేటాబేస్ స్విస్-ప్రాట్‌లో ఇవన్నీ వేర్వేరు ఎంట్రీలు. మనిషిది శిక్షణలో, చింపాంజీది పరీక్షలో పడిందంటే మోడల్ ముందే చూసిన జవాబు అప్పజెబుతుంది. మనం దానికి మార్కులు వేస్తాం. నా మొదటి ప్రాజెక్టులో నేనూ ఇలాగే వేశాను. కొత్త జీవి ప్రోటీన్లు ఇచ్చినప్పుడు మోడల్ చేతులెత్తేశాక గానీ కారణం తెలియలేదు.

చుట్టరికాన్ని ఎలా కొలవాలో ఒకసారి చేత్తో చేసి చూద్దాం. మనిషి ఆల్ఫా, బీటా గొలుసుల మొదటి ముక్కలివి. ఖాళీ పెట్టాల్సిన చోట గీత పెట్టాను.

ఆల్ఫా: వి – ఎల్ ఎస్ పి ఎ డి కె టి ఎన్ వి కె ఎ ఎ డబ్ల్యు జి కె వి
బీటా: వి హెచ్ ఎల్ టి పి ఇ ఇ కె ఎస్ ఎ వి టి ఎ ఎల్ డబ్ల్యు జి కె వి

పెన్సిల్‌తో నిలువు వరసలు చూసుకుంటూ వెళ్ళండి. 18 వరసల్లో 10 చోట్ల అక్షరం కలిసింది. గీత ఉన్న వరసను వదిలేస్తే 17కు 10, అంటే 59 శాతం. దాన్నీ కలుపుకుంటే 56 శాతం. ఒకే జత, రెండు జవాబులు. అందుకే రిపోర్టులో దేనితో భాగించారో తప్పకుండా రాయండి. పోలిక ఉన్న ప్రోటీన్లను గుంపులు కట్టే సీడీ-హిట్ ప్రోగ్రాం అయితే మామూలుగా పొట్టి సీక్వెన్స్ (అక్షరాల వరస) పొడవుతో భాగిస్తుంది. కలవని చోట్ల కూడా ఆగి చూడండి. ఎస్‌కు ఎదురుగా టి, డికి ఎదురుగా ఇ. సెరిన్, థ్రియోనిన్ రెండింటికీ హైడ్రాక్సిల్ గుంపు ఉంది. అస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు రెండూ ఋణావేశంవే. అక్షరం మారినా స్వభావం పెద్దగా మారలేదు. పూర్తి పొడవు మీద చూస్తే ఈ రెండు గొలుసుల పోలిక 43 శాతం దాకా ఉంటుంది.

వేల సీక్వెన్సులకు ఈ పని ఎంఎంసీక్స్2 (MMseqs2) అనే ప్రోగ్రాం చేసిపెట్టి, దగ్గరివాటిని క్లస్టర్లుగా, అంటే గుంపులుగా కడుతుంది. ఈజీ-క్లస్టర్ ఆదేశంలో కనీస పోలిక 0.3, కవరేజీ (సీక్వెన్స్ పొడవులో ఎంత భాగం పోలికకు వచ్చిందో) 0.8 ఇవ్వండి. చివర్లో రెండు నిలువు వరసల ఫైలు వస్తుంది: మొదటిది క్లస్టర్ ప్రతినిధి, రెండోది సభ్యుడు. ప్రతినిధి పేరునే గ్రూపు పేరుగా తీసుకుని పైథాన్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో గ్రూపుల వారీగా డేటాను విడదీసే గ్రూప్-కె-ఫోల్డ్‌కు ఇస్తే కుటుంబం మొత్తం ఒకే వైపు పడుతుంది. క్లస్టర్లు అన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి 80–20 సరిగ్గా కుదరదు, ఫరవాలేదు.

ఇక్కడితో పని అయిపోయిందనుకోవద్దు. క్లస్టర్‌లో చేరడానికి ప్రతినిధితో పోలిక చూస్తారు, సభ్యులందరినీ ఒకరితో ఒకరిని పోల్చరు. కాబట్టి రెండు వేర్వేరు క్లస్టర్ల సభ్యులు 30 శాతానికి మించి కలిసే వీలుంది. విడదీశాక పరీక్ష వైపున్న ప్రతి సీక్వెన్సునూ శిక్షణ వైపు వెతికించి, హద్దు దాటినవి తీసేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

30 శాతం అన్నది కూడా పైనుంచి దిగివచ్చిన గీత కాదు. 20 నుంచి 35 శాతం మధ్య ప్రాంతం మసక వెలుతురు లాంటిది. అక్కడ సీక్వెన్సును మాత్రమే చూసి చుట్టరికం తేల్చడం కష్టం. మయోగ్లోబిన్‌కూ హీమోగ్లోబిన్ ఆల్ఫాకూ పోలిక దాదాపు నాలుగో వంతే, కానీ మడత (ప్రోటీన్ మడుచుకున్నాక వచ్చే ఆకారం) మాత్రం ఒక్కటే. మీ ప్రశ్న మడత గురించి అయితే సీక్వెన్స్ పోలిక చాలదు, ప్రోటీన్లను నిర్మాణాన్ని బట్టి వర్గాలు చేసే కాథ్ లాంటి వర్గీకరణలోని సూపర్‌ఫ్యామిలీల (పెద్ద కుటుంబాల) వారీగా విడదీయాలి. ప్రోటీన్ నిర్మాణాన్ని సీక్వెన్స్ నుంచి ఊహించి చెప్పే కాస్ప్ పోటీలు 1994లో మొదలయ్యాయి, రెండేళ్ళకోసారి జరుగుతాయి. వాటిలో ఇంకా ప్రచురించని నిర్మాణాలనే ప్రశ్నలుగా ఇస్తారు. 2020లో ఆ పోటీలో ఆల్ఫాఫోల్డ్2 అనే ఏఐ ప్రోగ్రాం సాధించిన ఫలితాన్ని జీవశాస్త్రవేత్తలు అంత గట్టిగా నమ్మడానికి ఈ కట్టుదిట్టం ఒక పెద్ద కారణం.

ఇంకొక కొలబద్ద కూడా పక్కన ఉంచుకోండి. శిక్షణ సీక్వెన్సుల్లో బ్లాస్ట్‌తో (పోలిక ఉన్న సీక్వెన్సులను వెతికే ప్రోగ్రాంతో) వెతికి, అందరికంటే దగ్గరగా వచ్చినదాని లేబుల్‌నే జవాబుగా రాయండి. ఇందులో నేర్చుకోవడం అన్నదే లేదు. మీ మోడల్ దీన్ని దాటకపోతే ఆ 400 అంకెలు కొత్తగా చెప్పిందేమీ లేదన్నమాట.

ఈ వారం ఇంటిపని: మీ ఎంజైమ్ డేటానే తీసుకుని మూడు ఫలితాలు ఒక పట్టికలో రాయండి. లాటరీ విభజన మీద మోడల్, క్లస్టర్ విభజన మీద మోడల్, అదే క్లస్టర్ విభజన మీద బ్లాస్ట్. మొదటి రెండింటి మధ్య తేడా ఎంతో చూశాక, మోడల్ తప్పు చెప్పిన ఐదు ప్రోటీన్లను యూనిప్రాట్‌లో (ప్రోటీన్ల డేటాబేస్‌లో) తెరిచి వాటి కుటుంబం ఏమిటో చదవండి. ఎంజైములకూ కానివాటికీ సంఖ్యలో పెద్ద వ్యత్యాసం ఉంటే ఖచ్చితత్వ శాతం తప్పుదోవ పట్టిస్తుంది. దానికి విరుగుడుగా 1975లో మాథ్యూస్ ఇచ్చిన గుణకాన్ని 6వ పాఠంలో ఇదే పట్టిక మీద లెక్కకడదాం, పారేయకుండా దాచి ఉంచండి.