ఒంటిచేత్తో బోటు – 4వ పాఠం: గాలి లోపలికి, నీరు బయటికి

‘ఎదురెక్కి వెళ్లి బోయ అందుకోండి’ అని కిందటి పాఠంలో చెప్పాను. బోయ అంటే బోటును కట్టేయడానికి కింద గొలుసుతో బిగించి ఉంచే, నీటిపై తేలే గుండు. చాలామంది గాలికి ఎదురెక్కారు. కృష్ణపట్నం దగ్గర కండలేరు వాగులో మధ్యాహ్నం పూట నీరు సముద్రంలోకి తీస్తుంటే, పైనుంచి తూర్పుగాలి లోపలికి తోస్తుంది. అప్పుడు గాలికి ఎదురు వెళ్లడమంటే తూర్పుకు వెళ్లడం. నీరూ తూర్పుకే పోతోంది కదా! ఇంజను తగ్గించినా వెనుక నుంచి నీరు నెడుతూనే ఉంటుంది. అందుకే బోయ బోటు కిందికి దూరిపోయింది.

ఎదురెక్కవలసింది రెండింటిలో బలమైనదానికి. ఏది బలమైనదో ఊహించకండి. బోయకు యాభై అడుగుల దూరంలో ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి ఊరుకోండి. బోటు ఎటు జరిగితే దానికి ఎదురుగా రండి. బోయ వెనుక నీరు చీలి గీతలా సాగుతుంటే ఒరవడి గట్టిగా ఉన్నట్టే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సాధారణంగా నీటిదే పైచేయి. అష్టమికి గాలి గెలవవచ్చు. పైకప్పు ఉన్న బోటుకు గాలి పట్టు ఎక్కువ కాబట్టి పక్కనున్న ఖాళీ ఫైబర్ బోటును చూసి లెక్క వేయకండి.

బోయ దగ్గరకు చేరడం, వేగం తగ్గించడం మీకు వచ్చినవే.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టే తప్పు. బోయ కనబడగానే ఇంజను వదిలి బోటు ముక్కు దగ్గరకు పరుగెత్తుతున్నారు. మీరు అక్కడికి చేరేసరికి బోయ అక్కడ ఉండదు. వంగి అందుకోబోతే నీళ్లలో పడతారు, చూసేవాళ్లుండరు. తాడునే మీ దగ్గరకు తెచ్చుకోండి. బయలుదేరే ముందే ముక్కు దగ్గరి కొయ్యకు ఒక కొస కట్టి, తాడును బోటు అంచుకు పూర్తిగా బయటినుంచి తిప్పి, మీరు కూర్చునే చోటికి లాగి పెట్టుకోండి. బయటినుంచే! బోటు అంచున ఉండే కడ్డీల లోపలినుంచి తెస్తే బరువంతా ఆ కడ్డీ మీద పడుతుంది. బోయ మీ పక్కకు రాగానే న్యూట్రల్ చేసి, కొసను దాని కడియంలో దూర్చి, వెనక్కి తెచ్చి మీ దగ్గరున్న కొయ్యకు ఒక చుట్టు వేయండి. తాడును చేతికి చుట్టుకోవద్దు. వెనుక భాగాన కట్టి వదిలేయనూ వద్దు, ఒరవడికి వెనుక అంచు మీదుగా నీరెక్కుతుంది.

కడియం అందకపోతే నేను కొక్కెపు కర్ర కోసం వెతకను. పెద్ద ఉచ్చు వేసి బోయ మొత్తం మీద పడేస్తాను. ఉచ్చు నీళ్లలో మునిగి కింది గొలుసును పట్టుకుంటుంది. దీనికి నైలాన్ తాడే కావాలి. వలలకు వాడే ప్లాస్టిక్ తాడు తేలుతుంది, తేలి ఇంజను పంకాకు చుట్టుకుంటుంది.

సాధన: 20 లీటర్ల ఖాళీ క్యానుకు రెండు ఇటుకలు కట్టి, బోట్లు తిరగని చోట వేయండి. లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంజను ఆపే తీగ నడుముకు తగిలించుకోండి. క్యానును ముట్టుకోకుండా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో బోటును 1 నిమిషం నిలపండి. ఉదయం ఒకసారి, సముద్రపు గాలి లేచాక ఒకసారి. మధ్యాహ్నం నిలవనిదే 5వ పాఠం మొదలుపెట్టకండి.