ఇంటి షెడ్డులో మియాటా – 3వ పాఠం: వెనుక బ్రేకులు

మజ్దా కంపెనీ చేసిన రెండు సీట్ల చిన్న కారు మియాటాను ఇంట్లోనే బాగుచేసుకునే పాఠాలివి. గత పాఠంలో సీట్ల వెనుక, గుడ్డ పైకప్పు మడత కింద ఉండే, వాన నీరు బయటికి పోయే గొట్టాలను శుభ్రం చేశాం. అవి మూసుకుపోతే వాన నీరు తలుపుల కింది రేకులోకి దిగి, వెనుక చక్రాల ముందు భాగాన్ని లోపలి నుంచి తినేస్తుంది. ఆ పని ఇంకా చేయని వారు ముందు దాన్ని ముగించి రండి. కారు షెడ్డు దాటనంతవరకు బ్రేకులు వారం రోజులు ఆగుతాయి, తుప్పు ఆగదు.

ముందు బ్రేకులను వదిలి వెనుకవాటితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ముందు చక్రాల కాలిపర్‌లో (చక్రంతో పాటు తిరిగే డిస్కుకు ప్యాడ్లనే రాపిడి పలకలను అదిమి కారును ఆపే భాగం) పిస్టన్‌ను వెనక్కి నొక్కి కొత్త ప్యాడ్లు పెట్టడం చాలా కార్లలో ఒకే తీరుగా ఉంటుంది. మియాటా వెనుక కాలిపర్ అలా కాదు. ఇందులో హ్యాండ్ బ్రేకు కూడా కాలిపర్ లోపలే ఇమిడి ఉంది. సీటు పక్కన పిడి లాగితే తీగ కాలిపర్ వెనుక ఉన్న చిన్న చేతిని (లివరును) లాగుతుంది, ఆ చేయి లోపలి మరను నెడుతుంది, మర పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మర తనంతట తానే ముందుకు జరుగుతూ ఖాళీని పూడుస్తుంది. కాబట్టి పిస్టన్ వెనుక ఎప్పుడూ మర ఆనుకునే ఉంటుంది. దాన్ని సి క్లాంపు (మర తిప్పి బిగించే ఇనుప పట్టు) పెట్టి బలవంతంగా నొక్కితే కదిలేది పిస్టన్ కాదు, పాడయ్యేది హ్యాండ్ బ్రేకు యంత్రాంగం. చవకగా దొరికే పాత మియాటాల్లో హ్యాండ్ బ్రేకు పట్టకపోతే, ఇంతకుముందు ఎవరో ఈ పని చేసి ఉంటారని అనుమానించడం తప్పేమీ కాదు.

విడిభాగాలు తెప్పించే ముందు కారు ఏ సంవత్సరానిదో చూసుకోండి. అమెరికాలో అమ్మిన 1990–93 నమూనాల్లో 1.6 లీటర్ల ఇంజిన్ ఉంటుంది, 1994–97 వాటిలో 1.8 లీటర్లు. ఇంజిన్‌తో పాటు డిస్కులూ పెరిగాయి. వెనుక డిస్కు వ్యాసం 231 మిల్లీమీటర్ల నుంచి 251కి చేరింది. ఒకదాని సామాను మరొకదానికి సరిపోదు. పాత యజమానులు పెద్ద బ్రేకులు బిగించిన 1.6 కార్లు కూడా తిరుగుతున్నాయి కనుక కాగితాలను నమ్మకుండా టేపు పెట్టి కొలవండి.

ఇక పని. కారు సమతలమైన నేల మీద ఉండాలి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించాలి, లేకపోతే మర వెనక్కి తిరగదు. అది దించాక కారును ఆపేది ఏదీ ఉండదు కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టండి. చక్రాల నట్లను నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, జాకీని వెనుక డిఫరెన్షియల్ (వెనుక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) కింద పెట్టి ఎత్తి, తలుపుల కింద అంచు దగ్గర కంపెనీ చూపిన చోట స్టాండ్లు నిలపండి. ఆ అంచు తుప్పుతో మెత్తబడి ఉంటే అక్కడ స్టాండు పెట్టవద్దు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి చేయి కూడా పెట్టవద్దు.

చక్రం తీశాక దుమ్మును గాలితో ఊదకండి. పాత ప్యాడ్ల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్ చల్లి తడిపి తుడవండి. కాలిపర్ వెనుక వైపు, హ్యాండ్ బ్రేకు తీగ వచ్చే చోటికి దగ్గరలో, 14 నంబరు పానా పట్టే ఒక బోల్టు కనిపిస్తుంది. చూడటానికి దేన్నో పట్టి ఉంచిన బోల్టులా ఉంటుంది కానీ అది మూత మాత్రమే. దాన్ని తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది. కీ పెట్టి గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా తిప్పండి. పిస్టన్ మెల్లగా లోపలికి వెళ్లడం కంటికి కనిపిస్తుంది. చేతికి గట్టిగా తగిలిన చోట ఆపేయండి. పిస్టన్ వెనక్కి వెళ్లేటప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం పెరుగుతుంది. నిండుగా ఉంటే ముందే కొంచెం తీయండి. ఒలికిన ఆయిల్ రంగును లేపేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

కాలిపర్‌ను విప్పాక దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి, తీగతో స్ప్రింగుకు కట్టండి. తీసిన రెండు ప్యాడ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే అరుగుదల అబద్ధం చెప్పదు. లోపలి ప్యాడు రేకు దాకా అరిగి, బయటిది మందంగా మిగిలితే కాలిపర్ జారే పిన్నులు పట్టేశాయన్నమాట. రెండూ సమానంగా అరిగినా ఒక వైపు చక్రం ప్యాడ్లే త్వరగా అరిగితే హ్యాండ్ బ్రేకు తీగను అనుమానించండి. పిడి దించినప్పుడు కాలిపర్ మీది చేయి పూర్తిగా వెనక్కి వచ్చి ఆనుతోందా అని చూస్తే తెలిసిపోతుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే అమెరికా రాష్ట్రాల కార్లలో ఇది మామూలే.

పిన్నులను బయటికి లాగి, తుడిచి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పలచగా పూయండి. ఇంట్లో ఉన్న మామూలు గ్రీజు వద్దు, అది రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది. పిన్ను మీద గుంటలు పడి ఉంటే గరుకు కాగితంతో రుద్ది కాలక్షేపం చేయకండి, కొత్తది వేయండి. డిస్కు కనీస మందం దాని మీదే ముద్రించి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిచి, అంతకంటే తక్కువైతే మార్చేయండి.

కొత్త ప్యాడ్లు, కాలిపర్ బిగించాక తప్పకుండా చేయవలసిన పని ఒకటుంది. అలెన్ కీని ఈసారి గడియారం దిశలో, ప్యాడ్లు డిస్కును పట్టి చేత్తో తిప్పినా కదలనంత వరకు తిప్పండి. అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి. తర్వాత మూత బోల్టు బిగించండి. ఈ సర్దుబాటు చేయకుండా, హ్యాండ్ బ్రేకు వదులుగా ఉందని సీటు పక్కన తీగ నట్టును బిగించేవారు చాలామంది. అప్పుడు చేయి ఎప్పుడూ సగం లాగి ఉండి, ప్యాడ్లు నిత్యం రాసుకుంటాయి. కాలిపర్ ముందు, తీగ తర్వాత. పిడి లాగేటప్పుడు 5 నుంచి 7 టిక్కుల మధ్య పట్టుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటి ఉంటే ఇదే అదను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 (డాట్ అనేది బ్రేక్ ఆయిల్ రకాన్ని తెలిపే గుర్తు) రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక 140. డాట్ 4కి ఇవే 230, 155. కొండదారుల్లో నడిపే వారికి నేను డాట్ 4నే చెబుతాను. పేరు దగ్గరగా ఉందని సిలికాన్‌తో చేసిన డాట్ 5 మాత్రం పోయవద్దు. ఆయిల్ మార్చే పద్ధతిని, తర్వాత రాబోయే ముందు చక్రాల బ్రేకుల పాఠంలో నాలుగు చక్రాలకూ కలిపి చూద్దాం.

చక్రాల నట్లను టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) 65 నుంచి 87 అడుగు-పౌండ్ల మధ్య బిగించండి. కారు కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా పదేపదే నొక్కండి, మొదటి నొక్కులు నేల దాకా వెళతాయి. వీధిలో నెమ్మదిగా వెళ్లి ఆగి చూసి, ఆ తర్వాతే పెద్ద రోడ్డెక్కండి. కొంతదూరం నడిపాక దిగి నాలుగు చక్రాల దగ్గరా చేయి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. వెనుక రెంటిలో ఒకటి మాత్రమే కాలుతుంటే ఆ వైపు మళ్లీ విప్పాలి.

వచ్చే పాఠం రేడియేటర్ మీద. అప్పటిలోగా బానెట్ ఎత్తి రేడియేటర్ పై ప్లాస్టిక్ భాగం రంగు చూసి రాసుకోండి. నల్లగా ఉంటే తొందర లేదు. గోధుమ రంగులోకో పచ్చదనంలోకో మారి ఉంటే దూర ప్రయాణం పెట్టుకోకండి.