స్వీడన్ పాత చర్చిల్లో ఏ సెయింట్ ఎవరో గుర్తుపట్టడం ఎలా

ముందు ముఖం చూడటం మానేయండి. మధ్యయుగపు స్వీడన్ శిల్పులు పోలికల కోసం తాపత్రయపడలేదు, గుర్తులు పెట్టారు. శంఖుచక్రాలు చూసి విష్ణువని మనం చెప్పేసినట్టే ఇక్కడా చేతులు, పాదాలు చూడాలి.

అందరూ పొరబడేది ఇద్దరు రాజుల దగ్గర. ఎరిక్, ఊలొవ్ ఇద్దరికీ కిరీటం, గడ్డం ఉంటాయి. చేతిలో గొడ్డలి ఉంటే ఊలొవ్. ఆయన నార్వే రాజు, 1030లో యుద్ధంలో చనిపోయాడు. అయినా స్వీడన్ పల్లెల్లో ఆయన్ని సొంతవాడిలా కొలిచారు. స్వీడన్ రాజు ఎరిక్‌కి మాత్రం కత్తి గానీ జెండా గానీ ఉంటుంది. ఆయన 1160లో ఉప్సాలాలో హతుడయ్యాడు, ఎముకలు ఇప్పటికీ ఆ ఊరి కెథడ్రల్‌లోనే ఉన్నాయి.

ఒక మ్యూజియంలో నాకు ఎదురైన చెక్క రాజుకి రెండు చేతులూ మణికట్టు దగ్గరే విరిగిపోయాయి. గొడ్డలి లేదు, కత్తి లేదు. చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి వంగి కాళ్ల కింద చూశాను. పాదాల కింద నలుగుతున్న జంతువు, దానికి కిరీటం పెట్టుకున్న మనిషి తల. అది ఊలొవ్ గుర్తే! అప్పటినుంచి నేను కిందినుంచి పైకే చూస్తాను.

గొడ్డలి ఉండి కిరీటం లేకపోతే బూత్విద్ కావచ్చు, పక్కన చేప కూడా ఉందేమో వెతకండి. తాను విడిపించిన బానిసే నిద్రలో ఆయన్ని నరికాడని కథ. చేతిలో రాళ్లు పట్టుకున్న బిషప్ అయితే ఎస్కిల్, ఆయన్ని రాళ్లతో కొట్టి చంపారు. ఒళ్లో పుస్తకం, చేతిలో కలం ఉన్న స్త్రీ బిర్గిట్టా. 1373లో రోమ్‌లో చనిపోయింది, 1391లో సెయింట్‌గా ప్రకటించారు. ఆమె కోసం ఆమె మఠం ఉన్న వాద్‌స్తేనా ఊరికి వెళ్లండి, తప్పకుండా.

నన్ను ఎక్కువ కదిలించేది సిగ్‌ఫ్రిద్. ఈ బిషప్ చేతిలో చెక్క తొట్టి, అందులో మూడు తలలు. అవి ఆయన మేనల్లుళ్లవి. వేక్షో అనే ఊళ్లో వాళ్లను చంపి, తలలు తొట్టిలో పెట్టి చెరువులో ముంచేశారట. రాత్రి నీళ్ల మీద వెలుగులు కనిపిస్తే ఆయన వెళ్లి తీసుకొచ్చాడట. తొట్టి చిన్నదిగానే ఉంటుంది, దగ్గరికెళ్లి చూడండి.

పైకప్పు చిత్రాలకు బైనాక్యులర్ కావాలి. హర్కెబేర్యా చర్చిలో మధ్యయుగపు చిత్రకారుడు ఆల్బెర్టస్ పిక్టర్ వేసినవి చూడాలంటే ఎండాకాలంలో వెళ్లండి, మిగతా నెలల్లో పల్లె చర్చిలకు తాళం ఉండొచ్చు.