రొమాంటిక్, ఆధునిక రచనలతో సోలో పియానో కచేరీకి సిద్ధం కావడం ఎలా

మీకు వచ్చిన పెద్ద రచనలన్నీ ఒక్క సాయంత్రంలోనే వాయించేయాలనుకోవద్దు. సంగీతం 60 నుంచి 70 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాల విరామం చాలు. అంతకు మించితే వేళ్లకన్నా ముందు చెవి అలసిపోతుంది.

వరుస వేసేటప్పుడు ఒక రచన ఏ స్వరం మీద ఆగుతుందో, తర్వాతిది ఎక్కడ అందుకుంటుందో చూసుకోండి. షూమన్ ‘కిండర్‌స్త్సేనెన్’ (‘బాల్య దృశ్యాలు’, 1838)లో 13 చిన్న రచనలున్నాయి, అన్నీ కలిపి 20 నిమిషాల లోపే. చివరిది జి మేజర్‌లో మెల్లగా సద్దుమణుగుతుంది. వెంటనే షోపాన్ జి మైనర్ బల్లాడ్ అందుకుంటే, మంద్రంలో మోగే ఆ మొదటి సి ఆక్టేవ్‌కే (ఒకే స్వరం రెండు స్థాయిల్లో కలిసి మోగడం) హాలంతా మారిపోతుంది. మొదటి సగానికి ఇవి రెండూ చాలు. రెండో సగంలో డెబ్యుసీ ప్రిల్యూడ్లు మూడు, ఆపైన ప్రొకోఫియెవ్ ఏడో సొనాటా (1942). ఈ రెంటినీ తారుమారు చేయకండి. ప్రొకోఫియెవ్ ముగించిన చేతులు వెంటనే డెబ్యుసీ పియానిస్సిమోకి (అతి మెల్లని ధ్వనికి) దిగిరావు, అంత బలంగా వాయించాక తీగల శ్రుతి కూడా కాస్త జారవచ్చు.

ఆ సొనాటా చివరి భాగం 7/8లో, అంటే బార్‌కి (తాళంలో ఒక ఆవర్తానికి) ఏడు చిన్న లెక్కలతో, 2+3+2గా నడుస్తుంది. ఇక్కడ చాలామంది ఆఖరి పేజీలో దెబ్బతింటారు. ఉత్సాహంగా ఎత్తుకుంటారు, మణికట్టు బిగుసుకుంటుంది, దూరదూరంగా దూకాల్సిన చోటికి వచ్చేసరికి చేతిలో సత్తువ ఉండదు. అందుకే ఆఖరి పేజీ ముందు నేర్చుకోండి. అది ఏ వేగంలో శుభ్రంగా పలికితే మొదటి బార్‌కీ అదే వేగం. ఎడమచేతిలో పదేపదే వచ్చే బి ఫ్లాట్–సి షార్ప్ ఆక్టేవ్‌లను విడిగా సాధన చేయండి. ప్రతి దెబ్బ తర్వాత మణికట్టు వదులు కావాలి. మోచేతి కింద నొప్పి మొదలైతే ఆపేయండి, ఓర్చుకుని వాయించడం సాధన కాదు.

ధ్వనిని నిలిపి ఉంచే కుడి పెడల్‌ను ఎంత తొక్కాలో ఇంట్లో నిర్ణయించుకోలేం. ఖాళీ హాల్లో ధ్వని ఎక్కువసేపు నిలుస్తుంది, జనం నిండాక ఆ మోత తగ్గుతుంది. రిహార్సల్‌లో తేటగా వినిపించిన పెడల్ కచేరీలో పొడిగా తోచవచ్చు. డెబ్యుసీ ‘మునిగిన కెథడ్రల్’లో మంద్ర సి మీద పెద్ద కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) వచ్చేచోట పెడల్ పూర్తిగా వదిలితే అడుగున ఉన్న సి కాస్తా పోతుంది, సగమే లేపాలి. ఆ సగం ఒక్కో పియానోకి ఒక్కో లోతులో ఉంటుంది కాబట్టి దాన్ని వెతకడానికి రిహార్సల్‌లో పది నిమిషాలు కేటాయించండి.

కంఠస్థం కోసం ప్రతి రచనలో ఎనిమిది పది చోట్ల గుర్తులు పెట్టుకుని, వరుస తప్పించి ఎక్కడినుంచైనా ఎత్తుకోగలగాలి. బల్లాడ్‌లో ప్రెస్టో కాన్ ఫువోకోను (మహా వేగంగా, ఉద్రేకంగా సాగే ముగింపు భాగాన్ని) ముందు భాగం ఊపు లేకుండా నేరుగా మొదలుపెట్టి చూడండి.

పియానోను స్టేజి మీద దాని చోటికి చేర్చాకే, లైట్లు వెలిగించి శ్రుతి చేయించాలి. రిహార్సల్ అయ్యాక ట్యూనర్ మరోసారి తార స్థాయి తీగలు సరిచూస్తే మంచిది. సుత్తులను కాస్త పక్కకు జరిపే ఎడమ పెడల్ తొక్కి మంద్రం నుంచి తారం దాకా మెల్లగా వాయించండి, సుత్తుల గాడి తప్పి గరగరమనే మెట్టు ఉంటే అప్పుడే చెప్పాలి.

స్టేజి మీద కూర్చోగానే బెంచి ఎత్తు చూసుకుని, మొదటి రచనలో రెండు బార్లు మనసులో పాడుకున్నాకే చేయి కదపండి.